నవ్వు ఎటు తిరిగింది? – 'జబర్దస్త్' తరుగుదల చరిత్ర

'జబర్దస్త్' ఇంకా నడుస్తూనే వుంది. 2013 ఫిబ్రవరి 7న ఈటీవీలో మొదలైన ఈ స్కిట్ల కార్యక్రమం పన్నెండేళ్లు దాటింది. కానీ గురువారం రాత్రి తొమ్మిదిన్నరకు వూళ్లకు వూళ్లు టీవీ ముందు కూచున్న రోజులు పోయాయి. 2014 అక్టోబర్ నుంచి 'ఎక్స్‌ట్రా జబర్దస్త్' పేరుతో శుక్రవారం కూడా కావాల్సి వచ్చినంత ఆదరణ వున్న కార్యక్రమం ఇప్పుడు వస్తోందో లేదో కూడా చాలామందికి తెలవదు. ఎప్పుడైనా ప్రస్తావన వస్తే, 'అదింకా వస్తుందా?' అని అడుగుతున్నారు.

దీనికి పత్రికలు, సినిమా పేజీలు రెండు కారణాలు చెబుతూ వచ్చాయి. ఒకటి, పెద్ద మొహాలు వెళ్లిపోవడం. 2019 నవంబర్‌లో నాగబాబు న్యాయనిర్ణేత కుర్చీ వదిలి జీ తెలుగులో 'అదిరింది'కి పోయారు. 2022 ఏప్రిల్‌లో రోజా మంత్రి అయ్యి తప్పుకున్నారు. అదే ఏడాది అనసూయ, సుడిగాలి సుధీర్ కూడా బయటికి వచ్చారు. రెండో కారణం, బూతు ఎక్కువైందట, ఇంటిల్లిపాదీ కూచుని చూసేట్టు లేదట.

ఈ రెండూ మాకు ఆనవు. మొహాలే కారణమైతే ఆ మొహాల వెంట జనం పోవాలి కదా? పోలేదు. 'అదిరింది' ఎక్కువ కాలం నిలబడలేదు. 2021లో స్టార్ మా 'కామెడీ స్టార్స్' పెట్టింది, అదీ జబర్దస్త్ తొలి రోజుల వూపు తేలేకపోయింది. ఇక బూతు సంగతి. మొదటి ఏడాది నుంచీ దాన్ని బూతు అన్నవాళ్లున్నారు. ఆ మాట ఎక్కువగా వినిపించిన ఏళ్లలోనే ఎక్కువమంది చూశారు కూడా. జనం సిగ్గుపడి మానేశారనడం పట్నం పెద్దమనుషులు తమకు తాము చెప్పుకునే కథ.

మేము అడిగే ప్రశ్న వేరు. ఈ పన్నెండేళ్లలో ఎవరు ఎవరి మీద నవ్వారు? ఆ నవ్వు ఎటు నుంచి ఎటు తిరిగింది? మన చరిత్రకారులు నాటకం గురించి, సినిమా గురించి రాశారు. టీవీ నవ్వును చరిత్రగా చూసినవాళ్లు తక్కువ. మన వాడల్లో పుస్తకం దూరని ఇళ్లలోకి కూడా టీవీ దూరింది కాబట్టి దాని నవ్వు మనకు చిన్న విషయం కాదు.

ముందు టీవీ రాకముందు మాట. వూళ్లో నవ్వించే పని ఎవరిది? తోలుబొమ్మలాటలో కేతిగాడు, బంగారక్క, జుట్టుపోలిగాడు రాముడి కథ మధ్యలో దూరి అడ్డమైన మాటలూ మాట్లాడేవాళ్లు. పగటివేషగాళ్లు వూళ్లో మకాం వేసి రోజుకో వేషం కట్టేవాళ్లు. వాటిలో సోమయాజులు–సోమిదేవమ్మ వేషం వుంది. మడి, ఆచారం, అంటు, ఎంగిలి అని ప్రాణం తీసే బ్రాహ్మణ దంపతుల్ని పట్టపగలు, వాళ్ల వీధిలోనే, వాళ్ల ముందే ఎక్కిరించడం ఆ వేషం. పిట్టలదొర ఇంకో రకం. ఖాకీ కోటు, నెత్తిన టోపీ, చేతిలో కట్టె తుపాకీ. తెలంగాణలో లత్కోర్ సాబ్ అంటారు, తుపాకి రాముడు అని కూడా అంటారు. తనకు లేని జాగీరు, లేని బలగం, కలెక్టరుతో లేని దోస్తానా గురించి గుక్క తిప్పుకోకుండా కోతలు కోస్తాడు. వినేవాళ్లకు తెలుసు, అది వాడి కోత కాదు, గడీలో దొర కోసే కోత. దొరను దొరా అని పిలవడానికే వణికే కాలంలో ఒక సంచార కులంవాడు దొర టోపీ పెట్టుకుని బజార్లో నిలబడి నవ్వించాడు.

దీన్ని గొప్ప తిరుగుబాటు చేసి చూపడం మా వుద్దేశం కాదు. ఈమధ్య జానపద కళల మీద వచ్చే వ్యాసాల్లో ఆ ధోరణి ఎక్కువైంది. అదే పగటివేషగాళ్లు సింగీ–సింగడు వేషం వేసి ఎరుకలోళ్లను, బుడబుక్కల వేషం వేసి బుడబుక్కలోళ్లను కూడా నవ్వులపాలు చేశారు. పొద్దున సోమయాజుల్ని ఎక్కిరించినవాడే ఆఖరి రోజు ఆ గడపలోనే చెయ్యిచాచి బియ్యం అడుక్కున్నాడు. చిందులోళ్ల మిరాశి మాదిగ ఇళ్ల మీద, డక్కలోళ్లను ఆ మాదిగ ఇళ్లే గడప అవతల నిలబెట్టాయి. నవ్వించేవాడి అన్నం ఎప్పుడూ ఎవరో ఒకరి చేతిలోనే వుంది. అయినా ఒక మాట మాత్రం నిజం. ఏడాదిలో కొన్ని రోజులైనా నవ్వు కింది నుంచి పైకి పోవడానికి వూరు దారి విడిచిపెట్టింది.

సినిమా వచ్చి ఆ దారి మూసింది. మన తరానికి బాగా గుర్తుండేది కోట శ్రీనివాసరావు తన్నడం, బాబూమోహన్ పడడం. 1991లో వచ్చిన 'మామగారు'లో బాబూమోహన్ బిచ్చగాడు. ఆ తర్వాత ఎన్నో సినిమాల్లో ఆ జంట, ఆ తన్ను, హాల్లో ఆ నవ్వు. తన్నులు తిన్న ఆ మనిషే 1999లో అందోలు ఎస్సీ రిజర్వుడు స్థానం నుంచి గెలిచి మంత్రి కూడా అయ్యారు. అసెంబ్లీలో కూచున్నా తెర మీద మాత్రం తన్నులే. కారంచేడు 1985, చుండూరు 1991. ఒకవైపు దళితులు దెబ్బకు జవాబు అడుగుతున్న ఆ కాలంలోనే రెండోవైపు దెబ్బ తినడం నవ్వుగా అమ్ముడుపోయింది. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూసిన సినిమా విమర్శ మా కంటపడలేదు.

టీవీ మొదట్లో ఈ గొడవలోకే రాలేదు. 1977లో మొదలైన హైదరాబాద్ దూరదర్శన్ హాస్యం ఎక్కువగా గుమాస్తా ఇంటి హాస్యం. భర్త, భార్య, పక్కింటాయన, అప్పు, చుట్టాలు. 1995 ఆగస్టులో ఈటీవీ వచ్చాక కూడా చాలా కాలం అదే ఇల్లు, అదే సోఫా. 2001 నుంచి 2007 దాకా జెమిని టీవీలో వచ్చిన 'అమృతం' మంచి నవ్వే, మేమూ నవ్వాం. కానీ అందులో కూడా హోటల్ యజమానుల తిప్పలే కథ, పనివాడు సర్వం ఆ కథలో అంచున నిలబడ్డాడు.

జబర్దస్త్ ఎందుకు అంతగా అంటుకుందో ఇక్కడి నుంచి చూస్తేనే అర్థమవుతుంది. మల్లెమాల సంస్థ తీసిన ఆ కార్యక్రమంలోకి పల్లెల నుంచి, చిన్న పట్నాల నుంచి వచ్చి, కృష్ణానగర్‌లో అద్దె గదుల్లో వుంటూ సినిమాల్లో గుంపులో ఒకరిగా నిలబడిన కుర్రాళ్లు చాలామంది వచ్చారు. నిజామాబాద్ యాస, సిరిసిల్ల యాస, శ్రీకాకుళం యాస, ప్రకాశం యాస ఒకే వేదిక మీద వినిపించాయి. అంతకుముందు తెలంగాణ మాట తెర మీద రౌడీకో, పనిమనిషికో రాసిపెట్టి వుండేది. తెలంగాణ వుద్యమం చివరి దశలో వున్న ఆ రోజుల్లోనే వీ6 'తీన్మార్' వార్తలు కూడా మన మాటకు టీవీలో కుర్చీ వేశాయి. ఆ గాలి జబర్దస్త్‌కు కూడా కలిసొచ్చింది.

మేము అప్పుడు యూనివర్సిటీ హాస్టల్లో వున్నాం. గురువారం రాత్రి టీవీ గదిలో నిలబడడానికి జాగా వుండేది కాదు. మెస్‌లో గిన్నెలు కడిగే అన్న చేతులు తుడుచుకుంటూ వచ్చి తలుపు దగ్గర నిలబడేవాడు. సెమినార్ హాల్లో నోరు విప్పడానికి వెనకాడే మావాళ్లు అక్కడ గట్టిగా నవ్వేవాళ్లు. తెర మీద మాట్లాడేవాడు మా మేనబావ లాగ, మా వూరి ఆటో డ్రైవర్ లాగ మాట్లాడుతున్నాడు. ఇంటిపేరు అడ్డుపెట్టుకోకుండా పైకొచ్చినవాళ్లు తెలుగు తెర మీద ఎంతమంది? ఆ ఆనందం అబద్ధం కాదు. జబర్దస్త్‌ను ఒట్టి చెత్త అని కొట్టిపారేసే మేధావులకు ఈ సంగతి ఎప్పటికీ అందదు.

అయితే ఆ వేదిక ఏర్పాటు చూడండి. కింద నిలబడి ఆడేవాళ్లు వీళ్లు. ఎదురుగా ఎత్తు కుర్చీల్లో కూచుని నవ్వి మార్కులు వేసేవాళ్లు నాగబాబు, రోజా. ఒకరు సినిమా ఇంటివారు, ఇంకొకరు సినిమా నుంచి రాజకీయాల్లోకి పోయి 2014లో నగరి ఎమ్మెల్యే అయినవారు. ప్రతి పంచ్‌కూ కెమెరా వాళ్ల మొహం మీదికి పోతుంది. వాళ్లు నవ్వితేనే అది నవ్వు. పిట్టలదొర బజార్లో ఆడితే దొర కిటికీ లోంచి చూశాడు, ఇక్కడ దొర కుర్చీ వేదిక మీదికే వచ్చింది. అట్లాంటప్పుడు పైవాడిని ఎక్కిరించేదెట్లా? చానల్ యజమానిని అనలేరు, నిర్మాతను అనలేరు, సినిమా కుటుంబాలను పొగడడమే తప్ప అనలేరు. భూమి వున్నవాడు, కాంట్రాక్టరు, ప్రైవేటు కాలేజీ యజమాని స్కిట్లోకి వచ్చినా మీసం తిప్పి పోవడానికే.

మరి మిగిలిందెవరు? పెళ్లాం మిగిలింది. అత్త మిగిలింది. నల్లగా వున్నోడు, లావుగా వున్నోడు, పొట్టిగా వున్నోడు మిగిలాడు. చీర కట్టిన మగవాడు మిగిలాడు. ఈ చివరి సంగతి మీద కొంచెం ఆగాలి. వేషం మార్చడం మనకు కొత్త కాదు. 2005లో చనిపోయిన చిందుల ఎల్లమ్మ మగ వేషాలు కట్టి రాత్రుళ్లు ఆడింది. అక్కడ వేషం ఒక విద్య, చూసేవాళ్లు ఆ విద్యకు దండం పెట్టారు. జబర్దస్త్‌లో ఆడ వేషం వేసినవాళ్లలోనూ విద్య వున్నవాళ్లున్నారు. కానీ స్కిట్ అడిగింది ఆ విద్యను కాదు. చీర కట్టిన ఒళ్లే అక్కడ జోకు, 'ఆడా మగా' అన్న ప్రశ్నే అక్కడ పంచ్. 2014 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ట్రాన్స్‌జెండర్లను మూడో జెండర్‌గా గుర్తించిన తర్వాత కూడా ఆ పంచ్ ఆగలేదు.

వృత్తి కులాల మీదికి కూడా వచ్చింది. 2014లో కల్లుగీత వృత్తిని, గీత కుటుంబాల ఆడవాళ్లను కించపరిచారని గౌడ సంఘాలు ఆందోళన చేశాయి, నటుడు వేణు మీద దాడి జరిగింది. 2017లో అనాథ పిల్లల మీద వేసిన స్కిట్ గురించి ఫిర్యాదులు పోయాయి. 2021లో అదే సంస్థ తీసే 'శ్రీదేవి డ్రామా కంపెనీ'లో బతుకమ్మను కించపరిచారని పోలీసు ఫిర్యాదు. దెబ్బలు తిన్నది, క్షమాపణ చెప్పుకున్నది ఎవరో గమనించండి. వేదిక మీద నిలబడిన పిల్లలు. స్కిట్‌ను ఆమోదించి, ఎడిట్ చేసి, ప్రసారం చేసి, ప్రకటనల డబ్బు లెక్కపెట్టుకున్నవాళ్ల వంటి మీద దుమ్ము పడలేదు. 2012లో 'దేనికైనా రెడీ' సినిమా మీద బ్రాహ్మణ సంఘాలు ఆందోళనకు దిగినప్పుడు నేరుగా మోహన్‌బాబు ఇంటి ముందుకే పోయాయి. పైకులం వాళ్లకు యజమాని ఇల్లు ఎక్కడుందో తెలుసు. మనోళ్లకు ఆటగాడు మాత్రమే కనపడ్డాడు. కులం పేరుతో నలుగురిలో అవమానిస్తే 1989 చట్టం వుంది, కానీ రంగు మీద, మూతి మీద, యాస మీద, తిండి మీద వేసే జోకుకు కులం పేరు అవసరమే లేదు. కులం పేరెత్తకుండా కులాన్ని అవమానించడం ఈ హాస్యానికి బాగా వచ్చిన పని.

మా హాస్టల్లోనే నల్లగా, సన్నగా వుండే ఒక తమ్ముడికి స్కిట్‌లోంచి ఒక పేరు తగిలించారు. పెట్టింది ఎవరో బయటివాళ్లు కాదు, మాలోనివాళ్లే. అతను మొదట నవ్వాడు. తర్వాత గురువారాలు టీవీ గదికి రావడం మానేశాడు. తరుగుదల రేటింగ్ కాగితం మీదికి ఎక్కకముందే ఇట్లాంటి చోట్ల మొదలైంది.

ఇక ఆ తరుగుదల ఎట్లా నడిచిందో చూద్దాం. మొదటి రెండు మూడేళ్ల స్కిట్లలో కథ వుంది, ఒక పాత్ర వుంది, ఒక వూరు వుంది. తాగుబోతు భర్త, అప్పులోడు, ఆర్‌ఎంపీ డాక్టరు, పెళ్లిళ్ల పేరయ్య. 2016 తర్వాత హైపర్ ఆది పద్ధతి పైచేయి అయ్యింది. కథ తగ్గింది, ప్రాస పెరిగింది, నిమిషానికి ఇన్ని పంచ్‌లు అన్న లెక్క వచ్చింది. పంచ్ ఎవరి మీద? పక్కన నిలబడిన సొంత టీమ్ వాడి మీద. పాత్ర పేర్లు పోయి నటుల సొంత పేర్లే వచ్చాయి. వాడి బట్టతల, వీడి పెళ్లి కాకపోవడం, ఇంకొకడి ఇంటి పేదరికం, అమ్మానాన్నలు. పైకి పోలేని నవ్వు పక్కకు పోయింది, పక్కకు పోయి లోపలికి తిరిగింది. ఒకరి పేదరికం మీద ఇంకొక పేదవాడు పంచ్ వేస్తుంటే ఎత్తు కుర్చీలో వున్నవాళ్లు కళ్లు తుడుచుకుంటూ నవ్వారు.

దీనికి వ్యాపారం తోడైంది. యాంకర్ రష్మికీ సుధీర్‌కీ మధ్య ప్రేమ అని ఏళ్ల తరబడి నడిపారు, వేదిక మీద ఉత్తుత్తి పెళ్లిళ్లు చేశారు. అవే మొహాలు 'ఢీ'లో, అవే మొహాలు 'శ్రీదేవి డ్రామా కంపెనీ'లో, అవే మొహాలు పండగ ఈవెంట్లలో. పంచ్ అంతా ప్రోమోలోనే యూట్యూబ్‌కు ఎక్కేస్తే గురువారం దాకా ఎదురుచూసేదెందుకు? 2016 సెప్టెంబర్‌లో జియో వచ్చాక మన వాడల్లో ప్రతి చేతిలో తెర వుంది. జగిత్యాల జిల్లా లంబాడిపల్లి నుంచి 'మై విలేజ్ షో' వాళ్లు పొలం గట్టు మీద నిలబడి వీడియోలు తీశారు. గంగవ్వ ఎవరి మార్కుల కోసం ఎదురుచూడకుండా తిట్టింది, నవ్వించింది. 2020లో బిగ్‌బాస్ వాళ్లే ఆమెను పిలుచుకున్నారు. జనం నవ్వు మానలేదు. కుర్చీల ముందు నవ్వడం మానేశారు.

ఇక్కడ అమెరికా నల్లవాళ్ల అనుభవం ఒకటి చెప్పుకోవాలి. దళిత పాంథర్లు 1972లో తమ పేరును అక్కడి నుంచే తెచ్చుకున్నారు కాబట్టి మనకు దూరం కాదు. డేవ్ చాపెల్ అనే హాస్యనటుడు తన పేరుతోనే నడిచే స్కిట్ల కార్యక్రమాన్ని 2005లో, 5 కోట్ల డాలర్ల ఒప్పందం చేతిలో వుండగా, షూటింగ్ మధ్యలో వదిలేసి వెళ్లిపోయాడు. మొహానికి నల్లరంగు పూసుకుని ఒక స్కిట్ చేస్తున్నప్పుడు అక్కడున్న ఒక తెల్లవాడు నవ్విన తీరు తనకు తేడాగా వినిపించిందని మరుసటి ఏడాది ఓప్రా విన్‌ఫ్రే కార్యక్రమంలో చెప్పాడు. తనతో కలిసి నవ్వడం వేరు, తన మీద నవ్వడం వేరు. ఆ తేడా మన కుర్రాళ్లకు తెలియదని మేము అనం. గది అద్దె, చెల్లి పెళ్లి, వాయిదా మీద కొన్న కారు ముందున్నప్పుడు ఆ తేడా వినపడినా విననట్టే వుండాలి. వాళ్లలో చాలామంది జబర్దస్త్ తమకు అన్నం పెట్టిందని చెప్పుకుంటారు. అది నిజం. వూళ్లో దొర గడప కూడా పగటివేషగాడికి అన్నం పెట్టింది.

2023 మార్చి 3న 'బలగం' వచ్చింది. తీసింది వేణు యెల్దండి. 2014లో దాడికి గురైన ఆ జబర్దస్త్ వేణే. చావు ఇంట్లో కాకి ముట్టని పిండం చుట్టూ తిరిగే సినిమా. తెలంగాణ వూళ్లలో గ్రామ పంచాయతీల ముందు, బడుల ముందు తెరలు కట్టి వేసుకున్నారు, వందలమంది నేల మీద కూచుని చూశారు. టీవీలో వేణు ముందు నుంచి లేచిపోయిన జనమే ఇక్కడ గంటల కొద్దీ కదలకుండా కూచున్నారు. పెట్టుబడి పెద్ద నిర్మాతల ఇంటిదే, కథ ఒక కుటుంబం గడప దాటి మన వాడ దాకా రాదు, ఆ లెక్క వేరే తేల్చుకుందాం. కానీ ఆ సినిమా చివర్లో కథను మోసింది నటులు కాదు. వరంగల్ జిల్లా దుగ్గొండికి చెందిన బుడగజంగాల కళాకారులు పస్తం మొగిలయ్య, కొమురమ్మ దంపతులు. తెలంగాణ జిల్లాల్లో షెడ్యూల్డ్ కులంగా వున్న బుడగజంగాలు ఇంటింటికీ తిరిగి కథ చెప్పి బియ్యం తెచ్చుకున్న జాతి. చచ్చిపోయినవాడి గురించి, పంచుకోవడానికి కొట్టుకునే బతికున్నవాళ్ల మొహం మీదే వాళ్లు పాడారు. ఎదురుగా మార్కులు వేసే కుర్చీ లేదు. విన్న వూరు ఏడ్చింది, మధ్యలో నవ్వింది కూడా.

మొగిలయ్యకు అప్పటికే కిడ్నీల జబ్బు. సినిమా తర్వాత పేరు వచ్చింది, ఆయన పేరు ముందు 'బలగం' అని చేరింది, డయాలసిస్‌కు ప్రభుత్వం కొంత సాయం చేసింది. 2024 డిసెంబర్ 19న చనిపోయారు. ఆ వారం కూడా టీవీలో జబర్దస్త్ వచ్చింది.